ఊళ్ళో రొమ్ము కేన్సర్ కెమెరా పరీక్ష పెడితే ఎలా వెళ్ళాలి, రిపోర్టు చేతికొచ్చాక ఏం చేయాలి

"కెమెరాతో తీస్తారంట, ఎవరూ ముట్టుకోరంట, నొప్పి కూడా ఉండదంట" అని డ్వాక్రా మీటింగులో మాట రాగానే మా గోదావరి వైపు ఆడవాళ్ళు రెండు జట్లైపోతారండి. ఒక జట్టు "దూరం నుంచి ఫొటో తీస్తే లోపలున్నది ఏం తెలుస్తాదమ్మా, వద్దులే" అంటారు, ఇంకో జట్టు "హమ్మయ్య, ఇది చేయించేసుకుంటే ఇంక ఆ నొక్కే మిషన్ దగ్గరకి వెళ్ళక్కర్లేదు" అంటారు, అంటే రొమ్ముని నొక్కి ఎక్స్‌రే తీసే మామోగ్రామ్ దగ్గరకి. రెండూ సరైనవి కాదు. ఆ పరీక్ష పనికొస్తుంది, కానీ అది వడపోత మాత్రమే, ఎవరిని ముందు డాక్టరు దగ్గరకి పంపాలో తేలుస్తుంది అంతే. దాని రిపోర్టు పట్టుకుని ఆ తర్వాత చేయాల్సిన పని చేస్తేనే వెళ్ళినందుకు ఫలితం, లేకపోతే ఆ కాగితం రైస్ కార్డు పక్కన బీరువాలో పడుంటుంది. అందుకే పరీక్షకి ముందు ఏం చేయాలి, ఆ రోజు ఏం చేయాలి, తర్వాత ఏం చేయాలి అని నాకు తెలిసినంత వివరంగా రాస్తున్నాను.

ఇది అసలు ఏం పరీక్ష

దీన్ని థర్మల్ స్క్రీనింగ్ అంటారు. కేన్సర్ కణాలు గబగబా పెరుగుతాయి కదా, వాటికి తిండి కావాలి కాబట్టి చుట్టూ కొత్త రక్తనాళాలు పుట్టించుకుంటాయి, దాంతో ఆ చోట వేడి పక్కనున్న చోటు కంటే కాస్త ఎక్కువ ఉంటుంది. చేత్తో ముట్టుకుంటే ఆ తేడా తెలీదు గానీ ఇన్‌ఫ్రారెడ్ కెమెరాకి తెలుస్తుంది. ఆ వేడి ఫొటోల్ని కంప్యూటర్ చదివి, రెండు వైపులా పోల్చి, ఎక్కడ తేడాగా ఉందో రిపోర్టు ఇస్తుంది. మన దేశంలో దీన్ని ఎక్కువగా జనంలోకి తెచ్చింది 2016లో బెంగళూరులో మొదలైన నిరామయ్ అనే కంపెనీ, వాళ్ళ పరీక్ష పేరు థర్మలిటిక్స్. ఎక్స్‌రే కాదు, రేడియేషన్ లేదు, సూది లేదు, ఒంటి మీద చెయ్యి పడదు. కెమెరా, లాప్‌టాప్ కారులో పెట్టుకుని వచ్చేయొచ్చు కాబట్టి లంక గ్రామాల్లో కూడా పెట్టుకోవచ్చు, మామోగ్రామ్ మిషన్‌ని పంటు ఎక్కించి లంకలోకి తేలేం కదా.

ఇప్పుడు దీని బలం ఎంతో కూడా తెలుసుకోవాలి. 2021లో అచ్చయిన ఒక స్టడీలో 258 మంది ఆడవాళ్ళకి ఈ పరీక్ష, మామోగ్రామ్ పక్కపక్కన పెట్టి చూశారు. కేన్సర్ ఉన్నవాళ్ళలో నూటికి 82.5 మందిని థర్మలిటిక్స్ పట్టుకుంది, మామోగ్రామ్ 92 మందిని పట్టుకుంది. అంటే కేన్సర్ ఉన్న వందమందిలో పదిహేడు పద్దెనిమిది మందికి ఈ కెమెరా "ఏం లేదు" అని చెప్పే అవకాశం ఉంది. అందులోనూ ఆ స్టడీలో ఉన్నవాళ్ళంతా ఏదో ఒక లక్షణంతో ఆసుపత్రికి వచ్చినవాళ్ళు, మనలాగా ఏ ఇబ్బందీ లేకుండా క్యాంపుకి వెళ్ళేవాళ్ళు కాదు, కాబట్టి ఆ లెక్కని యథాతథంగా మనకి అతికించుకోకూడదు. అమెరికాలో మందుల్నీ వైద్య పరికరాల్నీ చూసే ఎఫ్‌డీఏ కూడా వేడి ఫొటోల పరీక్షని మామోగ్రామ్‌కి బదులుగా వాడొద్దని, దానికి తోడుగా మాత్రమే వాడమని చాలాసార్లు చెప్పింది. కంగారు పెట్టడానికి చెప్పట్లేదండి. రిపోర్టులో ఆకుపచ్చ రంగు చూసి ధైర్యంగా ఐదేళ్ళు మర్చిపోయేవాళ్ళు ఉంటారు, వాళ్ళ కోసం చెప్తున్నాను.

ఇంకో రకం కూడా ఉంది, చేతిలో పట్టుకునే చిన్న పరికరం, ఐబ్రెస్ట్ ఎగ్జామ్ అంటారు, దాన్ని రొమ్ము మీద ఆనించి ఒక్కో చోటే నొక్కుకుంటూ వెళ్తే లోపల గట్టిగా ఉన్న చోటుని పసిగడుతుంది. అదీ నొప్పి లేనిదే, అదీ వడపోతే. రక్తం తీసి రొమ్ము కేన్సర్ చెప్పేస్తాం అనే పరీక్షలు కూడా పెద్ద ఊళ్ళలో వస్తున్నాయి, వాటి ప్రకటనల్లో "ఎఫ్‌డీఏ బ్రేక్‌త్రూ" అన్న మాట కనిపిస్తే అది ఆమోదం అనుకోకండి, పరిశీలన త్వరగా జరపడానికి ఇచ్చే గుర్తింపు మాత్రమే అది. చేతిలో డబ్బులుంటే నా మాట విని ముందు మామోగ్రామ్‌కి పెట్టండి.

క్యాంపుకి వెళ్ళకూడని వాళ్ళెవరు

ఇది అన్నిటికంటే ముఖ్యం కాబట్టి ముందే చెప్తున్నా. రొమ్ములో గానీ చంకలో గానీ చేతికి గడ్డ తగులుతుంటే, చనుమొన లోపలికి లాక్కుపోయి ఉంటే, అక్కడి నుంచి రక్తం లాంటిది కారుతుంటే, చర్మం ఒకచోట సొట్టపడినా, బత్తాయి తొక్కలాగా గుంటలు గుంటలుగా మందంగా అయినా, చనుమొన చుట్టూ ఎన్ని పూతలు రాసినా మానని పుండో పొలుసో ఉన్నా, ఒక రొమ్ము కొత్తగా రెండోదానికంటే పెద్దదైనా, మీరు క్యాంపు కోసం ఎదురుచూడొద్దు, థర్మల్ పరీక్ష కూడా వద్దు, నేరుగా సర్జన్ దగ్గరకి వెళ్ళండి. స్క్రీనింగ్ అనేది ఏ లక్షణం లేనివాళ్ళ కోసం. గడ్డ ఉండగా కెమెరా ముందు కూర్చుని, అది ఏం లేదంటే ఇంటికి వచ్చేసి ఊరుకోవడం చాలా ప్రమాదం. ఇంకో మాట, "నొప్పి లేదు కదా, నొప్పొస్తే చూద్దాం" అంటారు మా వైపు. మొదట్లో కేన్సర్ గడ్డ చాలావరకు నొప్పి పెట్టదు. నొప్పి లేకుండా గట్టిగా ఉన్న గడ్డనే ముందు అనుమానించాలి.

జ్వరంతో ఉన్నవాళ్ళు, రొమ్ములో చీము పట్టి వాచినవాళ్ళు కూడా ఆగాలి, ఎందుకంటే ఆ వేడి కూడా ఫొటోలో పడుతుంది. కడుపుతో ఉన్నవాళ్ళు, చంటిపిల్లలకి పాలిస్తున్నవాళ్ళు ఆ సంగతి ముందే చెప్పి, వాళ్ళు చేస్తామంటేనే కూర్చోండి. ఈలోగా వీళ్ళలో ఎవరికైనా గడ్డలాగా తగిలితే మాత్రం "పాలగడ్డేలే" అని సరిపెట్టుకోకుండా స్కానింగ్ చేయించుకోవాలి.

మిగతావాళ్ళు 30 దాటిన దగ్గర నుంచి వెళ్ళొచ్చు. ప్రభుత్వ లెక్క ప్రకారం కూడా 30 నుంచి 65 ఏళ్ళ వరకు ఆడవాళ్ళందరికీ రొమ్ముని చేత్తో పరీక్ష చేసి చూడాలి, ఐదేళ్ళకోసారైనా. ఈ పని మీ ఊరి విలేజ్ క్లినిక్‌లో ఎంఎల్‌హెచ్‌పీ (క్లినిక్ చూసుకునే ఆరోగ్య ఉద్యోగి) గానీ ఏఎన్ఎం గానీ చేస్తారు, డబ్బులు కట్టక్కర్లేదు, ఆశా కార్యకర్తని అడిగితే ఏ రోజు రావాలో చెప్తుంది. "చేత్తో చూస్తే ఏం తెలుస్తుంది" అని తీసిపారేయకండి. ముంబై టాటా మెమోరియల్ వాళ్ళు 1998లో మొదలెట్టి సుమారు లక్షన్నర మంది ఆడవాళ్ళని ఇరవై ఏళ్ళు గమనించారు, ట్రైనింగ్ ఇచ్చిన హెల్త్ వర్కర్లు రెండేళ్ళకోసారి చేత్తో చూసిన జట్టులో 50 దాటిన వాళ్ళలో రొమ్ము కేన్సర్ చావులు దాదాపు 30 శాతం తగ్గాయి. మిషన్ లేదు, కరెంటు లేదు, నేర్చుకున్న చెయ్యి ఒక్కటే. కాబట్టి క్యాంపులో కెమెరా పరీక్షతో పాటు నర్సమ్మ చేత్తో కూడా చూస్తానంటే సిగ్గుపడి తప్పించుకోవద్దు, నన్నడిగితే ఆ రెండిట్లో చేతి పరీక్షకే నేను ఎక్కువ విలువిస్తాను.

క్యాంపుకి వెళ్ళే రోజు

కెమెరా చూసేది వేడిని కాబట్టి మీ ఒంటి వేడిని మీరే మార్చేసి వెళ్ళకూడదు, సూత్రం అంతే. పొద్దున్నే ఒంటికి పసుపు, నలుగు, నూనె, పౌడరు, సెంటు, బాడీ స్ప్రే ఏమీ రాయొద్దు. ఛాతీకి, మెడకి నొప్పుల బామ్ రాసుకునే అలవాటు పెద్దవాళ్ళకి ఉంటుంది, ముందురోజు రాత్రి నుంచే మానేయమనండి. వేడి నీళ్ళ స్నానం చేసి వెంటనే వెళ్ళొద్దు. కాఫీ టీలు వెళ్ళే ముందు తాగొద్దు, క్యాంపు దగ్గర ఎవరైనా ప్రేమగా టీ ఇచ్చినా పరీక్ష అయ్యాకే తాగండి. నాట్ల నుంచో, చెరువు గట్టు మీద నుంచో, ఎండలో పనిచేసి అటునుంచి అటే వచ్చేవాళ్ళు, పొయ్యి దగ్గర నుంచి లేచి వచ్చేవాళ్ళు కాసేపు నీడలో కూర్చుని ఒళ్ళు చల్లబడ్డాకే లోపలికి వెళ్ళాలి. గొలుసులు, నల్లపూసలు మెడలోంచి తీయమంటారు, మంగళసూత్రం తీయడం కొందరికి బాధగా ఉంటుంది, అలాంటప్పుడు తీయకుండా వెనక్కి వేసుకుంటే సరిపోతుందా అని అడగండి, మొహమాటపడి పరీక్షే మానేయకండి. విలువైనవి ఇంట్లో పెట్టి రావడం మేలు.

చీర జాకెట్టు గానీ, చుడీదార్ టాప్ గానీ, పైభాగం విడిగా తీయడానికి వీలైనది వేసుకోండి, నైటీ లాంటిదైతే మొత్తం తీయాల్సొస్తుంది. ఆధార్, ఇంతకుముందు రొమ్ముకి సంబంధించి ఏ పరీక్ష చేయించుకున్నా ఆ కాగితాలు, కిందటి నెలసరి తారీఖు, ఇంట్లో అమ్మకి గానీ అక్కచెల్లెళ్ళకి గానీ పిన్ని మేనత్తలకి గానీ రొమ్ము కేన్సరో అండాశయం కేన్సరో వచ్చి ఉంటే వాళ్ళకి ఏ వయసులో వచ్చిందో ఒక చీటీ మీద రాసుకుని వెళ్ళండి. మేనత్త సంగతి ఎందుకంటే ఇది తండ్రి వైపు నుంచి కూడా రావచ్చు, చాలామంది తల్లి వైపే చెప్తారు. ఇంట్లో ఎవరికీ లేదు కాబట్టి నాకు రాదు అనుకోవడం కూడా తప్పు, వంశపారంపర్యంగా వచ్చేవి నూటికి 5 నుంచి 10 మాత్రమే.

గదిలో ఏసీ వేసి మిమ్మల్ని పైభాగం బట్టలు లేకుండా కాసేపు కూర్చోబెడతారు, పది నిమిషాల దాకా పట్టొచ్చు, ఒళ్ళు చల్లబడటానికి. చేతులు మడిచి ఛాతీకి ఆనించకండి, తల మీద పెట్టుకోమంటారు. తర్వాత ఎదురుగా, రెండు పక్కల నుంచి వేర్వేరు కోణాల్లో కెమెరా ఫొటోలు తీస్తుంది. ఇది సెల్‌ఫోన్ ఫొటోలాంటిది కాదండి, అందులో కనిపించేది ఎరుపు, పసుపు, నీలం రంగుల మచ్చలే. అయినా మీకు అనుమానం ఉంటే లోపల ఆడమనిషే ఉన్నారా, తెర ఉందా, ఫొటోలు ఎవరి దగ్గర ఉంటాయి అని అడిగే హక్కు మీకుంది, అడగండి. పక్కన తోడికోడల్నో పొరుగింటి అక్కనో నిలబడనివ్వమంటే చాలాచోట్ల ఒప్పుకుంటారు.

క్యాంపు పెట్టించే సంఘం లీడర్లకి ఒక మాట. మన దగ్గర వేసవిలో ఉక్క ఎలా ఉంటుందో తెలుసు కదా, కరెంటు పోతే పది నిమిషాల్లో గది ఆవిరెక్కిపోతుంది, ఆ చెమటలో తీసిన ఫొటో నమ్మడానికి లేదు. ఏసీ ఉన్న గది, దానికి సరిపడే జనరేటర్ లేకుండా మే నెలలో క్యాంపు పెట్టొద్దు, కార్తీకం నుంచి మాఘం లోపు చల్లటి రోజుల్లో పెట్టించండి, కాకపోతే సంక్రాంతి ముందు పిండివంటల రోజులూ, దాళ్వా నాట్ల రోజులూ తప్పించండి, ఆ రోజుల్లో ఎవరూ రారు. నర్సాపురం వైపు లేసు అల్లేవాళ్ళు, భీమవరం వైపు రొయ్యల ప్లాంట్లలో షిఫ్టు చేసేవాళ్ళు రావాలంటే సాయంత్రం దాకా క్యాంపు ఉంచాలి, రోజు కూలి పోతుందంటే ఎవరు వస్తారు. ఇంకోటి, అనుమానం వచ్చినవాళ్ళని ఏ ఆసుపత్రికి పంపాలో, వాళ్ళతో ఎవరు వెళ్ళాలో తేల్చుకోకుండా క్యాంపు మొదలెట్టొద్దని గట్టిగా చెప్తున్నాను. భయపెట్టి వదిలేసినట్టవుతుంది.

రిపోర్టు వచ్చాక

"తేడా ఉంది" అని వస్తే అది కేన్సర్ అని కాదు. నీటి బుడగలు, మామూలు గడ్డలు, చిన్న ఇన్ఫెక్షన్, హార్మోన్ల మార్పు, వీటన్నిటికీ కూడా వేడి తేడా రావచ్చు. కానీ ఒక్క నెల కూడా ఆగకుండా డాక్టరు రాసే తర్వాతి పరీక్షకి, అంటే మామోగ్రామ్‌కో అల్ట్రాసౌండ్‌కో వెళ్ళాలి. "కోతలయ్యాక", "చెరువు పట్టాక", "పిల్ల పెళ్ళయ్యాక", ఈ మూడు మాటల మధ్య ఎన్ని గడ్డలు ముదిరిపోయాయో మా చుట్టుపక్కల చూస్తూనే ఉన్నాం. దేశం మొత్తం మీద 2022 ఒక్క సంవత్సరంలో సుమారు 1 లక్షా 92 వేల మందికి కొత్తగా ఈ కేన్సర్ వచ్చిందని, 98 వేల మంది చనిపోయారని అంతర్జాతీయ అంచనా. చికిత్స లేని రోగం కాదిది, ఆలస్యంగా ఆసుపత్రికి చేరడం వల్లే ఇంతమందిని పోగొట్టుకుంటున్నాం.

"ఏం లేదు" అని వస్తే సంతోషమే, కానీ 40 దాటినవాళ్ళు డాక్టరుతో మాట్లాడి మామోగ్రామ్ కూడా పెట్టుకోవాలి, అమెరికాలో 2024 నుంచి 40 - 74 ఏళ్ళ మధ్య రెండేళ్ళకోసారి చేయించుకోమని చెప్తున్నారు. 40 లోపు వాళ్ళకి రొమ్ము కండ బిగువుగా ఉంటుంది, ఎక్స్‌రేలో అదీ తెల్లగానే, గడ్డా తెల్లగానే కనిపిస్తాయి కాబట్టి వాళ్ళకి డాక్టర్లు ఎక్కువగా ముందు అల్ట్రాసౌండ్ రాస్తారు.

మామోగ్రామ్ అంటే భయం చాలామందికి. రొమ్ముని రెండు పలకల మధ్య పెట్టి నొక్కుతారు, నిజమే, బిగుతుగా ఉంటుంది, కొందరికి నొప్పిగా ఉంటుంది, కానీ ఆ నొక్కుడు కొన్ని సెకన్లే, ఒక్కో వైపు రెండు ఫొటోలు. నెలసరి అయిపోయాక వచ్చే వారంలో వెళ్తే నొప్పి తక్కువ. పౌడరు, చంకల్లో స్ప్రే అసలు వద్దు, అవి ఫొటోలో తెల్ల చుక్కల్లాగా పడి కేన్సర్ చుక్కలేమో అనిపిస్తాయి. రేడియేషన్ చాలా తక్కువ, దానికి భయపడి మానుకోవడం నష్టం.

ఆ రిపోర్టు చివర్లో బైరాడ్స్ అని ఒక అంకె ఉంటుంది, అదే మీరు చూడాల్సింది. 0 అంటే ఇంకా ఫొటోలు గానీ స్కానింగ్ గానీ కావాలి అని, సున్నా కదా ఏం లేదని అనుకునేవాళ్ళున్నారు, జాగ్రత్త. 1, 2 అంటే భయం లేదు. 3 అంటే దాదాపు భయం లేదు గానీ ఆరు నెలల్లో మళ్ళీ చూడాలి, ఆ ఆరు నెలల తారీఖు ఆరోజే క్యాలెండర్ మీద రాసేయండి. 4, 5 అంటే ముక్క తీసి పరీక్ష చేయించాల్సిందే. 6 అంటే కేన్సర్ అని అప్పటికే తేలిపోయినవాళ్ళకి వేసే అంకె.

ముక్క పరీక్ష, అంటే బయాప్సీ దగ్గర మావాళ్ళు ఆగిపోతారు. "సూది గుచ్చితే కదిలిపోయి ఒళ్ళంతా పాకుతుంది" అని ఊళ్ళో పెద్దవాళ్ళే చెప్తారు. అది నిజం కాదండి. ఆ చోట మొద్దుబారే ఇంజెక్షన్ ఇచ్చి సూదితో చిన్న ముక్క తీస్తారు, చాలావరకు అదేరోజు ఇంటికి వచ్చేయొచ్చు. బయాప్సీ లేకుండా అది కేన్సరో కాదో ఎవరూ ఖాయంగా చెప్పలేరు, ఏ మందు పనిచేస్తుందో కూడా ఆ ముక్క మీద చేసే పరీక్షలే చెప్తాయి. ఈలోగా నాటు పసరులు కట్టడం, వేడి కాపడం పెట్టడం చేయొద్దు. బయాప్సీ కాకుండా ఎవరైనా "గడ్డ కోసి తీసేద్దాం, తర్వాత చూద్దాం" అంటే తొందరపడి ఒప్పుకోకుండా కేన్సర్ డాక్టరు ఉన్న చోటుకి వెళ్ళి ఇంకో మాట అడగండి.

కోనసీమ నుంచైతే కాకినాడ పెద్దాసుపత్రి, రాజమండ్రి, పశ్చిమ వైపు నుంచైతే ఏలూరు, ఇవి మనకి దగ్గర. విశాఖలో అగనంపూడి దగ్గర టాటా మెమోరియల్ వాళ్ళ హోమీ భాభా కేన్సర్ ఆసుపత్రి ఉంది, పూర్తిగా కేన్సర్ కోసమే. ఏ ఆసుపత్రికి వెళ్ళినా మామోగ్రామ్ మిషన్ ఆరోజు పనిచేస్తుందో లేదో ముందు ఫోన్ చేసి కనుక్కోండి. ఎన్టీఆర్ వైద్య సేవలో కేన్సర్ చికిత్స ఉంది, ఆసుపత్రిలో ఆరోగ్యమిత్ర డెస్క్ దగ్గరకి ఆధార్, రైస్ కార్డు తీసుకెళ్ళి అడ్మిట్ అవ్వకముందే అడగాలి, డబ్బు కట్టేశాక అడిగితే కష్టం. పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో 2025 ఆగస్టు నుంచి ఆడవాళ్ళకి టికెట్టు లేదు కాబట్టి ఆధార్ చూపించి వెళ్ళిరావచ్చు, ఛార్జీల కోసం ఇంట్లో అడగాల్సిన పని లేదు.

నెలకోసారి ఇంట్లో

క్యాంపుకీ క్యాంపుకీ మధ్య మీ చెయ్యే మీకు కావలి. నెలసరి ఆగిన మూడు నాలుగు రోజులకి, నెలసరి పూర్తిగా ఆగిపోయినవాళ్ళు ఏదో ఒక తారీఖు పెట్టుకుని, అద్దం ముందు చేతులు కిందికి పెట్టి ఒకసారి, పైకెత్తి ఒకసారి, నడుం మీద గట్టిగా నొక్కి ఒకసారి ఆకారంలో తేడా చూసుకోండి. తర్వాత స్నానంలో సబ్బు చేత్తో, మూడు వేళ్ళ మెత్తటి భాగంతో, వేళ్ళ కొసలతో కాదు, మెడ కింద ఎముక నుంచి రొమ్ము కింద వరకు, చంక లోపలిదాకా చిన్న చిన్న గుండ్రాలుగా ముందు మెల్లగా, తర్వాత కాస్త గట్టిగా, తర్వాత పక్కటెముక తగిలేలా నొక్కి చూడండి. పడుకుని భుజం కింద దిండు పెట్టుకుని చూస్తే ఇంకా బాగా తెలుస్తుంది. రొమ్ము అంతా సహజంగానే కాస్త ఎగుడుదిగుడుగా ఉంటుంది, మొదటి నెలలో అన్నీ గడ్డల్లాగే అనిపిస్తాయి, రెండు మూడు నెలలకి మీ ఒళ్ళు మీకు అలవాటవుతుంది, అప్పుడు కొత్తది వస్తే పట్టేస్తారు.

కువైట్, మస్కట్, దుబాయ్‌లలో ఇళ్ళల్లో పనిచేసే అక్కచెల్లెళ్ళు మన వైపు ఎంతోమంది. అక్కడ సెలవు అడగలేక, భాష రాక, గడ్డ తగిలినా రెండేళ్ళు దాచుకుని ఊరొచ్చేవాళ్ళుంటారు. వాళ్ళు సెలవుకి రాగానే చుట్టాలిళ్ళు, మొక్కులు మొదలెట్టకముందే, వచ్చిన మొదటి వారంలోనే విలేజ్ క్లినిక్‌కి తీసుకెళ్ళండి, 40 దాటితే మామోగ్రామ్ కూడా అప్పుడే చేయించండి, బయాప్సీ అవసరం పడినా రిపోర్టు రావడానికి వాళ్ళకి ఇక్కడ టైముంటుంది. రిపోర్టులన్నిటికీ ఫోన్లో ఫొటో తీసి వాళ్ళకీ, ఇంట్లో ఒకరికీ పెట్టుకోండి, మళ్ళీ వచ్చినప్పుడు పాతదీ కొత్తదీ పక్కన పెట్టి చూడటానికి డాక్టరుకి అవే కావాలి.